కదలకూడని పడవ

ఇల్లిల్లూ తిరిగి చిరునామాలు రాయమని రాజుగారి ఆజ్ఞ. ఆ పని మీదున్న అధికారి విరూపాక్షయ్య ఏటి ఒడ్డుకొచ్చి, పడవలోనే కాపురముంటున్న నూకరాజును చూశాడు. "రేవు వీధి, నలభయ్యో ఇల్లు" అని పడవ మీద రాయించి, "ఇల్లు రాసిన చోటు నుంచి జానెడు కదిలినా నీకు చెరసాలే!" అన్నాడు.

"పడవ కదలకపోతే నేను బతికేదెలా బాబూ?" అని నూకరాజు మొత్తుకున్నా వినలేదు.

ఇంతలో అవతలి గట్టు నుంచి భటుడు కేకేశాడు. "అయ్యా! చిరునామాల పుస్తకం తీసుకుని మిమ్మల్ని తక్షణం రమ్మంటున్నారు రాజుగారు!"

రేవులో ఉన్నది ఆ ఒక్క పడవే. అధికారి గబగబా ఎక్కి, "పోనియ్యి, పోనియ్యి!" అన్నాడు.

నూకరాజు తెడ్డు పక్కన పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"ఇది ఇల్లు కదా బాబూ! కదిలిస్తే నాకు చెరసాల."

అధికారి చెమటలు కక్కుతూ పుస్తకం తెరిచి, "ఈ ఇల్లు ఏట్లో ఎక్కడుంటే అదే దీని చిరునామా" అని దిద్దాడు.

నూకరాజు కేరింతలు కొడుతూ ఇంటినీ అధికారినీ కలిపి ఒక్క తోపున ఏట్లోకి నెట్టాడు.