వణుకుతూ తిరిగొచ్చినవాడు

గవర్రాజు మాస్టారు ఏ ప్రశ్నకూ సూటిగా జవాబిచ్చే మనిషి కారు. నలభై ఏళ్లు పత్రికల్లో పనిచేసి, ఇప్పుడు తన ఇంటి వసారాలో కొత్త విలేకరులకు పాఠాలు చెబుతున్నారు. ఒక సాయంత్రం అందరూ వెళ్లిపోయినా కుసుమ కదలలేదు. మర్నాడు ఆమె మొదటిసారి వార్త కోసం కొండల్లోకి వెళ్లాలి. అటువైపే ఇద్దరు విలేకరులను ఎత్తుకుపోయి డబ్బు అడుగుతున్నారని ఆ పొద్దుటే పేపర్లో చదివింది.

"మాస్టారూ, నాకు భయంగా ఉంది. భయపడేవాళ్లు ఈ ఉద్యోగానికి పనికొస్తారా?" అంది. అడగడానికే సిగ్గేసి, చూపు చాప మీద నుంచి ఎత్తలేదు.

మాస్టారు మరమరాల పళ్లెం ఆమె ముందుకు జరిపి, చెప్పడం మొదలుపెట్టారు.

వెనకటికి వీరభద్రం అని ఒక ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. పేరే గానీ, తొండ కదిలినా ఎగిరి గంతేసేవాడు. అతనితో తిరిగే విలేకరికి మాత్రం అదురూ బెదురూ లేవు; నలుగురిలోనూ భద్రాన్ని ఆటపట్టించేవాడు. కలప దొంగల గురించి రాద్దామని ఇద్దరూ కొండెక్కితే, ఆ దొంగలే పట్టుకుని పశువుల పాకలో పడేశారు. కబురు చెప్పడానికి భద్రాన్ని కిందికి పంపుతూ, "మూడో రోజుకు మీ పత్రిక డబ్బు పంపాలి. లేదా, ఇతని మీద ఆశ వదులుకోండి" అన్నాడు నాయకుడు.

పడుతూ లేస్తూ పోతున్న భద్రాన్ని చూసి, వీడిక ఈ కొండ మొహం చూడడనుకున్నాడు విలేకరి. ఒకడైనా బతికాడులే అని సరిపెట్టుకున్నాడు కూడా. మొదటి రోజు మీసం మెలేస్తూ కూర్చున్నాడు. రెండో రోజు పలకరించే దిక్కు లేక, తన పేరు తనే పిలుచుకున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం భద్రం వచ్చాడు. భుజాన డబ్బు సంచి, చేతిలో విలేకరి వేసుకునే బీపీ మాత్రల డబ్బా. అతని వణుకుకి ఆ డబ్బా గలగలమంటోంది. నాయకుడికి నవ్వొచ్చింది.

"ఇంత పిరికోడివి, నువ్వెందుకొచ్చావయ్యా? ఇంకెవరినైనా పంపలేకపోయావా?"

"పత్రికవాళ్లు వేరే మనిషిని పంపుతామన్నారండీ. కానీ ఇక్కడ భయం ఎలా ఉంటుందో ఆ మనిషికేం తెలుసు? నాకు తెలుసు. తెలిసీ ఈయన్ని ఒక్కణ్ణీ వదిలేసి, ఇంటిదగ్గర అన్నం తినలేకపోయానండీ."

నాయకుడు సంచి తీసుకుని ఇద్దరినీ వదిలేశాడు. రోడ్డు వచ్చేదాకా వాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే దిగారు. వణికేది ఎవరి చెయ్యో చెప్పడం కష్టం.

మాస్టారు ఆగారు. కుసుమ కళ్లెత్తి చూసింది. "ఆ భద్రం మీరేనా, మాస్టారూ?"

"కాదమ్మా," అన్నారు మాస్టారు. "నేను పాకలో ఉన్నవాణ్ణి."