నలభై ఒక్క ల్యాంపులు

అనిరుధ్‌కి ఆ శనివారం పొద్దుటి నుంచీ ఒకటే ఉక్రోషం. నాలుగేళ్లు చెమటోడ్చి రాసిన పేపరు తను చదవకూడదట, స్వరూప చదువుతుందట.

అది మా ఎస్తేరు మేడమ్ పెట్టిన పద్ధతి. హైదరాబాదులో, అమెరికన్ స్టడీస్ విభాగంలో ఆవిడ దగ్గర పీహెచ్‌డీ చేసేవాళ్లం ఆరుగురం. ఒకరిది చరిత్ర, ఒకరిది చట్టం, ఒకరిది సంగీతం. నాది అక్కడి వంటింటి సామాన్ల ప్రకటనలు. అది ఈ జన్మకి పూర్తయ్యేది కాదులెండి. నెలకోసారి అందరం కూర్చుని, ఒకరి పరిశోధన ఇంకొకరు చదివి వినిపించాలి. రాసినవాళ్లు కిక్కురుమనకూడదు.

"మేడమ్, నాది లెక్కలతో పని," అన్నాడు అనిరుధ్. "ఆ అమ్మాయిదేమో అమెరికా కూలీల పాటలు. నా పట్టికలు తనకేం అర్థమవుతాయి? నెలాఖరుకి థీసిస్ ఇచ్చేయాలి. ఎకనామిక్స్ తెలిసినవాళ్లెవరైనా చదివితే..."

స్వరూప అక్కడే ఉంది. వింది. కాగితాలు సర్దుకుంటూ తల ఎత్తలేదు. నాకు ఒళ్లు మండింది కానీ నోరెత్తలేదు, పిరికిదాన్ని.

మేడమ్ స్టీలు గ్లాసులో నీళ్లు పోసి అతని ముందు పెట్టారు.

"ఒక గుక్క నోట్లో పోసుకో బాబూ. ఆ అమ్మాయి చదవడం అయ్యాక మింగుదువుగాని."

మేమంతా గొల్లున నవ్వాం. అనిరుధ్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా మేడమ్ మాట కాదనలేక బుగ్గలు పూరించుకుని కూర్చున్నాడు.

స్వరూప చదివింది. సుమారు వందేళ్ల కిందట అమెరికా కొండల్లో ఒక బొగ్గు గని. లోపల నిప్పంటుకుంది. ఆర్పే దారిలేక కంపెనీవాళ్లు గని నోరు మూసేశారు. లోపలివాళ్లు లోపలే. కంపెనీ పుస్తకం ప్రకారం ఇరవై తొమ్మిది మంది. ఆ తర్వాత ఊరెలా చితికిపోయిందో, ఎన్ని ఇళ్లు ఖాళీ అయ్యాయో, అంతా ఆ ఇరవై తొమ్మిది మీదే కట్టుకొచ్చాడు అనిరుధ్. ఆ అంకె తప్పయితే థీసిస్ మొత్తం కూలిపోతుంది. బాగా రాశాడు, అబద్ధమెందుకు.

చివర్లో ఆస్తి నష్టం పట్టిక వచ్చింది. బళ్లు, పట్టాలు, కంచరగాడిదలు.

"తిరిగి రాని ల్యాంపులు, నంబర్లతో సహా, నలభై ఒకటి," అని చదివి స్వరూప ఆగిపోయింది. పేజీలు వెనక్కి తిప్పింది. మళ్లీ ముందుకు తిప్పింది.

"మేడమ్, మరి మనుషులు ఇరవై తొమ్మిది మందే ఎట్లయితరు?"

అనిరుధ్ విసుగ్గా చెయ్యి ఊపాడు. కాగితం మీద 'స్పేర్' అని గీకి ఆమె వైపు తోశాడు.

"కాదు సార్. ల్యాంపు దానంతటది బొగ్గుబాయిల దిగదు. డ్యూటీకి పొయ్యేటప్పుడు ల్యాంపు రూముల తీస్కుంటరు, తలకు పెట్టుకొని దిగుతరు. పైకొచ్చినంక అప్పజెప్తరు. ల్యాంపు రాలేదంటే మనిషి రాలేదు."

స్వరూప తన నోటుబుక్కు మీద చెయ్యి వేసింది.

"నేను ఏరిన పాటల్ల ఉన్నరు సార్ ఆ మిగిలినోళ్లు. అన్నకు సాయం పోయిన తమ్ముళ్లు, తండ్రి ఎంబడి పోయిన కొడుకులు. కంపెనీ పుస్తకంల వాళ్ల పేర్లు రాయరు. ల్యాంపు మాత్రం ఇయ్యక తప్పదు గద, చీకట్ల పనెట్ల చేస్తరు?"

"ల్యాంపు రూము సంగతి నీకెలా తెలుసమ్మా?" అని మేడమ్ మెల్లగా అడిగారు.

"మాది బొగ్గుబాయిల ఊరు మేడమ్. మా నాయిన దిగిన బాయిలకు నీళ్లొచ్చినయ్. నాకప్పుడు ఏడేండ్లు. మనిషి దొరకలే. మా అమ్మ ఆయన పేరు నోటితోని అనదు. ఇప్పటికీ ఎవరన్న మీ ఆయన పేరేందంటే ల్యాంపు నంబరే చెప్తది. ఆరు వందల పదిహేడు."

తర్వాత మిగిలిన అరపేజీ కూడా చదివింది. "అయిపోయింది మేడమ్," అని కాగితాలు బల్ల మీద పెట్టింది.

అనిరుధ్ బుగ్గలు ఇంకా అలాగే ఉన్నాయి. కళ్లల్లో మాత్రం నీళ్లు తిరుగుతున్నాయి. ఇందాక నవ్వినందుకు నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. దాచుకోలేదు.

"అయిందిగా బాబూ, మింగు," అన్నారు మేడమ్.

తల అడ్డంగా ఊపాడు. ఆ గుక్కెడు నీళ్లు గొంతు దిగడం లేదు. మేడమ్ లేచి వెళ్లి అతని వీపు మీద చెయ్యి వేశారు. చాలాసేపటికి మింగాడు.

"పన్నెండు మంది మేడమ్," అన్నాడు. "నాలుగేళ్లుగా నా బల్ల మీదే ఉన్నారు. గాడిదల కింద రాశాను వాళ్లని. ఇప్పుడు రాద్దామన్నా పేర్లు లేవు. ఎలా రాయను?"

"నన్నెందుకు అడుగుతావు?"

అనిరుధ్ కుర్చీ స్వరూప వైపు తిప్పుకున్నాడు. అంతవరకూ ఆ పిల్లతో అతను నేరుగా ఒక్క మాట మాట్లాడినట్టు నాకు గుర్తులేదు.

"ఎలా రాయమంటారండీ?"

"నంబర్లున్నయ్ గద సార్," అంది స్వరూప. "అవే రాయండి. ఇంట్లోళ్లు గుర్తుపడ్తరు."