పన్నెండు వర్ణాలు, ఒక డాక్

విజయనగరంలో చయనులు అనే వయొలిన్ మాస్టారు ఉండేవాడు. ఏ వస్తువు కొన్నా అన్నిటికంటే గొప్పదే కొనాలని పంతం పట్టి, చివరికి ఏదీ తేల్చుకోలేక కూర్చునేవాడు. ఒకసారి గొడుగు కొందామని బజారుకు వెళ్ళాడు. ఏ గొడుగు మంచిదో తేలేసరికి వానాకాలం కాస్తా దాటిపోయింది. అందరూ దాన్ని చాదస్తం అనేవారు. అతను మాత్రం పట్టుదల అనుకునేవాడు.

అతని గురువు సర్వేశ్వరశాస్త్రిగారు పన్నెండు వర్ణాలు కట్టారు. ఒక్కటీ కాగితం మీద పెట్టలేదు. ఎప్పుడో తమ్ముడితో కలిసి వాయించి క్యాసెట్లలో రికార్డు చేయించారు, అంతే. ఆ తమ్ముడు ఇప్పుడు లేడు. శాస్త్రిగారికి చెయ్యి వణుకు పట్టి కమాను నిలవడం మానేసింది. పాత క్యాసెట్లలో రెండు వయొలిన్లూ కలగలిసిపోయి ఉంటే, ఏ గమకం ఎక్కడ పడిందో చెప్పగల మనిషి ఆయనొక్కరే. ఆయనకేమో చెవులు తగ్గుతున్నాయి. "మహా అయితే ఏడాది. ఆ తర్వాత ఏ యంత్రం పెట్టినా వినపడకపోవచ్చు," అని డాక్టరు చెప్పేశాడు.

శాస్త్రిగారు శిష్యుణ్ణి పిలిపించారు.

"ఒరే చయనులూ, వింటే నాకన్నీ గుర్తొస్తాయిరా. ఆ వినడమే కుదరటం లేదు. టేపురికార్డరుకి హెడ్‌ఫోన్ తగిలిస్తే ఎక్కడో పక్కవీధిలో వాయిస్తున్నట్టుంది. శబ్దం పెంచే పెట్టె ఏదైనా చూడు. పన్నెండింటికీ స్వరం రాయిస్తే గాని నేను ఊరుకోను."

"తెస్తాను గురువుగారూ. మీకు మామూలుది తెస్తానా!" అన్నాడు చయనులు.

విశాఖపట్నంలో జెస్సీ అనే ఆవిడ హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్లు తన చేత్తో తయారుచేసి అమ్ముతుందని తెలిసి, ఆ రోజే ఫోన్ చేశాడు.

"వారంలో ఇచ్చేస్తాను మాస్టారూ," అంది జెస్సీ. "లోపల డాక్ ఏది పెట్టమంటారు? చిన్నదా, పెద్దదా, అసలు వద్దా?"

"డాక్ అంటే ఏమిటమ్మా?"

"ఫోన్లో, కంప్యూటర్లో పాట అంకెల రూపంలో ఉంటుంది కదండీ. ఆ అంకెల్ని మళ్ళీ శబ్దంగా మార్చే చిన్న సర్క్యూట్."

చయనులు అంతవరకూ విన్నాడో లేదో, "వాటిల్లో ఏది గొప్పది?" అన్నాడు.

"ఒక్కొక్కరు ఒక్కొక్కటి అంటారండీ."

"అయితే తేల్చుకుని చెప్తాను."

ఇక చూసుకోండి అతని తేల్చుకోవడం! పొద్దున్నే పాఠాలు అవగానే, డాక్‌ల గురించి జనం రాసినవి చదవడానికి కంప్యూటరు ముందు కూర్చునేవాడు. ఒకడు చిన్న డాక్ చాలా తియ్యగా ఉందన్నాడు. ఇంకొకడు దాన్ని రేకుడబ్బా అన్నాడు. మూడోవాడు పెద్దది కొనమన్నాడు, నాలుగోవాడు వచ్చే నెల ఇంకా పెద్దది వస్తోందన్నాడు. చయనులు వచ్చే నెల దాకా ఆగాడు. అది వచ్చాక దానికంటే మంచిది ఉందని విన్నాడు. అన్నీ ఒక నోటుపుస్తకంలో గళ్ళు గీసి రాసుకున్నాడు. పుస్తకం నిండింది. రెండోది మొదలుపెట్టాడు.

మధ్యమధ్య శాస్త్రిగారు కబురు పెట్టేవారు. "తెచ్చేవుట్రా?"

"ఇదిగో, తేలిపోతోంది గురువుగారూ!"

అలా ఎనిమిది నెలలు గడిచాయి. ఒకనాడు శాస్త్రిగారు గుమ్మం ముందు రిక్షా గంట మోగినా తల తిప్పలేదు. అది చూసిన చయనులు ఆ క్షణమే ఇంటికి పరుగెత్తాడు. నోటుపుస్తకాలు రెండూ సంచిలో పడేసుకుని విశాఖపట్నం బస్సెక్కాడు.

చయనులు గురువుగారి సంగతి చెబుతుంటే జెస్సీ అతని పుస్తకాలు తిరగేసింది. నవ్వొచ్చినా ఆపుకుంది.

"చాలా చదివేరు మాస్టారూ. ఇంతకీ మీ గురువుగారి వర్ణాలు ఎందులో ఉన్నాయి?"

"క్యాసెట్లలో."

"టేపురికార్డరులోంచి నేరుగా వింటారా?"

"అంతేనమ్మా."

జెస్సీ పుస్తకం మూసేసింది. "క్యాసెట్లో అంకెలు ఉండవండీ, నేరుగా శబ్దమే వస్తుంది. మీకు డాక్‌తో పనే లేదు."

చయనులు తన పుస్తకాల వంక చూశాడు. "మొదటి రోజే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు.

"ఏది గొప్పదని అడిగేరు గాని, దేనికోసమో చెప్పలేదు కదా మాస్టారూ. నేను అడిగి ఉండాల్సింది, అది నా తప్పే." ఆవిడ బీరువాలోంచి ఒక నల్ల పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. "మొదటి వారమే ఇది తయారైపోయింది. మీ మాట కోసమే ఆపి ఉంచాను."

చయనులు ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని తిరుగు బస్సెక్కాడు. దారి పొడుగునా తనను తాను తిట్టుకున్నాడు.

మర్నాటి నుంచి గురుశిష్యులు పంతం పట్టి కూర్చున్నారు. శాస్త్రిగారు హెడ్‌ఫోన్ పెట్టుకోగానే ఆయన ముఖం వెలిగింది. "అదీ! ఆ గాంధారం నాది, కింద ఊగేది తమ్ముడిది. రాయి, రాయి!" అనేవారు. చయనులు స్వరం రాసేవాడు, వాయించేవాడు, దిద్దించుకునేవాడు. అన్నం చల్లారిపోయినా లేచేవారు కాదు. అయినా వారానికి ఒక వర్ణం కంటే సాగేది కాదు. ప్రతి వారం పెట్టె మీద మీట ఇంకొంచెం పైకి తిప్పవలసి వచ్చేది. తొమ్మిది వర్ణాలు పూర్తయ్యాయి.

పదోది పెట్టారు. శాస్త్రిగారు కళ్ళు మూసుకుని చాలాసేపు ఎదురుచూశారు.

"ఎక్కించలేదేమిరా?"

మీట చివరిదాకా తిప్పేసి ఉంది. హెడ్‌ఫోన్ అంచుల్లోంచి వయొలిన్ గదంతా వినిపిస్తోంది. చయనులుకు కళ్ళనీళ్ళు తిరిగాయి. శాస్త్రిగారు కళ్ళు తెరిచారు. టేపురికార్డరులో చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. ఆయన వాటిని చూశారు, శిష్యుడి ముఖం చూశారు, హెడ్‌ఫోన్ తీసి మెల్లగా బల్ల మీద పెట్టారు.

చయనులు ఆయన పాదాలు పట్టుకుని ఏడ్చాడు. శాస్త్రిగారు అతని భుజం పట్టి లేవదీశారు.

"తొమ్మిది దక్కేయిరా. లే. రేపటినుంచే పిల్లలకి నేర్పడం మొదలుపెట్టు. మంచి ముహూర్తం చూడకు."

చయనులు మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాడు. ఆ తొమ్మిది వర్ణాలూ ఇప్పుడు అతని శిష్యులందరికీ వచ్చు. మిగతా మూడింటి స్వరం అతను తనంతట తాను విని రాసుకున్నంత మటుకు సగం సగంగా, పక్కన ప్రశ్నార్థకాలతో ఉంది. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పేవారు ఎవరూ లేరు.

నీతి: ఏది గొప్పది అని వెతికే ముందు మన పనికి ఏది కావాలో తెలుసుకోవాలి, తెలిశాక ఒక్క రోజు కూడా ఆగకూడదు.