మువ్వ తడిపిన సగం ఆకు

అనగనగా, మబ్బులు సైతం దారి అడిగి దాటవలసినంత దట్టమైన అడవి ఒకటి ఉండేది, పిల్లలూ. ఆ అడవిలో వాన కురిస్తే, చినుకు కొమ్మ మీంచి కొమ్మ మీదికి జారి నేలకు దిగేసరికి ఆరు నెలలు పట్టేది. నమ్మరా? సరే, అయిదు నెలలు. అంతకంటే ఒక్క రోజు కూడా తగ్గించేది లేదు.

ఆ అడవి నడుమ తేనెగుట్ట. గుట్ట మీద మూలికల బడి. ఆ బడిలో చదివినవాళ్లు చుక్క పసరు వేస్తే విరిగిన కొమ్మ కూడా లేచి అతుక్కునేది. బడి పెద్ద ఒక కొండముచ్చు. పేరు నల్లమూతి అయ్యవారు. ఆయన గుట్ట మీద కూర్చుని పాఠం చెబుతుంటే, ఆయన తోక చివర కింద వాగులో స్నానం చేస్తుండేది. అంత పొడుగు తోక!

అంత గొప్ప బడిలో కూర్చోవడానికి మాత్రం పన్నెండు రాళ్లే. రాయికి ఒక్కరే.

గుట్ట కింద వాగు పక్కన మువ్వ అనే ముంగిస పిల్ల ఉండేది. దాన్ని పెంచింది తాత సింగన్న. మువ్వకు పాలపళ్లు ఊడకముందు ఒకసారి పెద్ద జ్వరం వచ్చింది. అప్పుడు ఆ బడిలో చదివిన ఒక కొంగ వచ్చి దాని నుదుటి మీద రెక్క ఉంచింది. ఆ చల్లదనం మువ్వ మరిచిపోలేదు. ఆ రోజు నుంచి దానికి ఒకటే కోరిక. తేనెగుట్ట మీద ఒక రాయి. ఒక్క రాయి.

ఆ ఏడు పరీక్షకు నాలుగు వందల మంది వచ్చారు. మొదటి రోజు కళ్లు మూసుకుని ఆకుల్ని వాసనతో చెప్పాలి. మువ్వ చెప్పింది. రెండో రోజు వేళ్లను రుచితో చెప్పాలి. చెప్పింది. మూడో రోజు ఒక రోగి ఎదుట కూర్చుని, నొప్పి ఎక్కడో అడగకుండా చెప్పాలి. అదీ చెప్పింది, కాకపోతే కాస్త ఆలస్యంగా.

ఆ బడిలో ఒక పద్ధతి ఉంది. చోటు దొరికినవాళ్లకు నిండు మోదుగాకు పంపిస్తారు. దొరకనివాళ్లకు ఏమీ పంపరు. ఇంకా కొందరికి ఆకును నిలువునా చించి, సగం పంపిస్తారు. రెండో సగం బడి గుమ్మానికి వేలాడదీస్తారు. సగం ఆకు అంటే, 'ఆగు' అని అర్థం.

కబురు తెచ్చే గోరింక వచ్చి మువ్వ ముందు వాలింది. దాని ముక్కున సగం ఆకు ఉంది.

"పన్నెండు రాళ్లూ నిండిపోయాయమ్మా. నువ్వు పదమూడోదానివి. ఎవరైనా రాయి వదులుకుంటే నిన్ను పిలుస్తారు. తొలకరి దాకా చూడు" అంది గోరింక.

"వదులుకుంటారా?" అని అడిగింది మువ్వ.

"ఒక్కో ఏడు ముగ్గురు వదులుకుంటారు. ఒక్కో ఏడు ఎవరూ వదులుకోరు. అది నాకూ తెలీదు, అయ్యవారికీ తెలీదు" అని గోరింక ఎగిరిపోయింది.

వద్దంటే ఏడ్చి ఊరుకోవచ్చు. రమ్మంటే గంతులు వేయవచ్చు. ఆగమంటే ఏం చేయాలి? మువ్వకు అర్థం కాలేదు. ఆకును గుండెకు పొదువుకుని నిలబడిపోయింది.

దీనికి తోడు ఇంకో చిక్కు. సింగన్న తాతకు గొప్పలు చెప్పే అలవాటు. కుర్రతనంలో ఆయన ఒక పాముతో పోరాడాడు. ఆ పాము మొదట్లో తాటిచెట్టంత ఉండేది. ఏటేటా పెరిగి పెరిగి, ఈ కథ నాటికి ఏడు తాటిచెట్ల పొడుగైంది. అలాంటి తాత, కబురు రాకముందే అడవంతా తిరిగి, "మా మువ్వకు తేనెగుట్ట మీద మొదటి రాయి! అయ్యవారు స్వయంగా లేచి నిలబడ్డారు!" అని చాటేశాడు.

ఇప్పుడు దారిలో నెమలి ఎదురైతే, "వైద్యురాలమ్మా, బాగున్నావా?" అంటోంది. కుందేలు ఎదురైతే, "మమ్మల్ని మరిచిపోకు తల్లీ" అంటోంది. మువ్వ సిగ్గుతో చచ్చిపోయి, వాగు ఒడ్డున పొదల చాటుకు చేరింది.

అక్కడే దానికి ఒక ఆలోచన వచ్చింది. ఆకు ఎండితే మందు గుణం పోతుందని చిన్నప్పుడే నేర్చుకుంది కదా? మరి ఈ సగం ఆకు ఎండిపోతే తన వంతు కూడా పోతుంది! అలా అని దానికి ఎవరూ చెప్పలేదు. తనే అనుకుంది. అనుకున్నదే నిజమని నమ్మింది.

ఇంక చూడండి దాని తపస్సు! ఆకును చల్లటి రాయి మీద పరిచేది. దోసిలితో నీళ్లు తెచ్చి చల్లేది. ఎండ జరిగితే ఆకును జరిపేది. తిండి లేదు, ఆట లేదు. మువ్వ చల్లిన నీళ్లకు వాగు మూరెడు లోతు తగ్గిందంటే అబద్ధం కాదు.

ఆ వాగు ఒడ్డునే రాతి చరియ కింద సూరమ్మ అనే ముసలి ఏదుపంది ఉండేది. ముళ్లు గుచ్చుకున్నవాళ్లూ, కాళ్లు బెణికినవాళ్లూ ఆమె దగ్గరికే వచ్చేవారు. ఆమె తేనెగుట్ట ముఖం చూసింది లేదు. కట్లు కట్టీ కట్టీ నేర్చుకుంది. ఇప్పుడు చూపు మందగించింది, చేతులు వణుకుతున్నాయి. పైగా రోగి మీదికి వంగితే తన ముళ్లే వాళ్లకు గుచ్చుకుంటున్నాయి.

మొదటి రోజు సూరమ్మ వచ్చి, "ఏమే పిల్లా, ఒక కోతికి వేలు నలిగింది. కాస్త కట్టు పట్టుకుంటావా?" అంది.

"రాలేను సూరమ్మత్తా. నా ఆకు ఎండిపోతుంది."

రెండో రోజు మళ్లీ వచ్చింది. "బాతు రెక్క బెణికింది. పసరు నూరిపెట్టు చాలు."

"పిలుపు వచ్చినప్పుడు నేను ఇక్కడ లేకపోతేనో?" అంది మువ్వ, తల ఎత్తకుండా.

"ఆకుకు నీళ్లు పోస్తున్నావు గానీ, నీ ముఖం చూడు, ఎలా వాడిపోయిందో" అని గొణుక్కుంటూ సూరమ్మ వెళ్లిపోయింది.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం. నిప్పులు చెరిగే ఎండ. ఆ ఎండకు తొండలు చెప్పులు వెతుక్కుంటున్నాయి. సూరమ్మ ఈసారి పరుగున వచ్చింది. ఏదుపంది పరుగెత్తడం ఆ అడవి ఎన్నడూ చూడలేదు.

"మువ్వా! చుక్కల దుప్పి పిల్లకు గిట్టల సందులో తుమ్మముల్లు విరిగింది. నా కంటికి ఆనడం లేదు. మంద నీళ్ల కోసం గుట్ట అవతలికి బయలుదేరుతోంది. నడవలేకపోతే పిల్ల ఇక్కడే ఉండిపోతుంది. దాని తల్లి పిల్లను వదిలి వెళ్లనూ లేదు, మందను వదిలి ఉండనూ లేదు. నీ వేళ్లు సన్నం. రా తల్లీ!"

మువ్వ ఆకు వైపు చూసింది. ఎండ వైపు చూసింది. ఆ గడియ నీళ్లు చల్లకపోతే ఆకు పెళపెళలాడిపోతుంది. అప్పుడే తాత వచ్చి ఛాతీ విరుచుకున్నాడు.

"నువ్వు వెళ్లవే! ఆకు దగ్గర నేనుంటాను. వెయ్యి సూర్యుళ్లు ఒక్కసారి దిగివచ్చినా ఆకు చెమ్మ ఆరనివ్వను! ఏడు తాటిచెట్ల పామును మట్టుపెట్టిన చెయ్యి ఇది!"

తాత కాపలా అంటే ఏమిటో మువ్వకు బాగా తెలుసు. నీడ కనిపిస్తే తాతకు కునుకు పడుతుంది. అయినా ఒక్కసారి ఆకును నిమిరింది. లేచి, సూరమ్మ వెంట పరుగెత్తింది.

దుప్పి పిల్ల వణుకుతోంది. తల్లి దాని మెడ నాకుతోంది. మువ్వ గిట్టను ఒడిలో పెట్టుకుంది. జిల్లేడు పాలు ఒక చుక్క వేసి ఆగింది. పిల్ల కళ్లలోకి చూస్తూ, "నీ ఒంటి మీద చుక్కలు ఎన్నో నీకు తెలుసా?" అని అడిగింది.

"తెలీదు."

"లెక్కపెట్టు మరి."

పిల్ల ఒకటి, రెండు, మూడు అంది. నాలుగు అనే లోపల ముల్లు మువ్వ గోటికి చిక్కింది. అయిదు అనేసరికి బయట పడింది. అది ఎంత పెద్ద ముల్లంటే, దాన్ని మోయడానికి రెండు ఏనుగులు కావలసి వచ్చాయి. సరే సరే, ఒక ఏనుగు. పసుపు నూరి పెట్టి, నార చుట్టారు. పిల్ల కుంటుతూ కుంటుతూ మంద వెనకాల వెళ్లింది. తల్లి దుప్పి తిరిగి చూసింది. ఆ చూపు చాలు.

సూరమ్మ తన ముళ్లన్నీ ఒంటికి అణుచుకుని, జాగ్రత్తగా మువ్వను దగ్గరికి తీసుకుంది.

మువ్వ తిరిగి వచ్చేసరికి తాత గురక పెడుతున్నాడు. ఆ గురకకు వాగు అవతల చెట్ల కాయలు రాలుతున్నాయి. రాయి మీద ఆకు గోధుమ రంగుకు తిరిగింది. మువ్వ ముట్టుకోగానే పొడి పొడి అయిపోయింది.

మువ్వ అక్కడే కూలబడి ఏడ్చింది. ఏడుపుకు తాత మేలుకున్నాడు. పొడిని చూశాడు. మీసాలు వాలిపోయాయి.

"తాతా, ఇంక నా వంతు పోయింది. అందరికీ మొదటి రాయి అని చెప్పావు. ఇప్పుడు నేను ఏ ముఖం పెట్టుకుని తిరగను?"

తాత ఆ పొడిని దోసిట్లోకి ఎత్తుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"మువ్వా, ఆ పాము ఉందే... అది మూరెడు. నీటిపాము. విషం కూడా లేదు. నన్ను చూసి అదే పారిపోయింది."

మువ్వ ఏడుపు ఆపి చూసింది.

"నీ వయసులో నేనూ తేనెగుట్ట ఎక్కాను. నాకు సగం ఆకు కూడా రాలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేకపోయాను. ఆ ఒక్క మాట దాచడానికి ఇన్నేళ్లూ ఆ పామును పెంచుతూ వచ్చాను. పెంచీ పెంచీ అలిసిపోయానమ్మా. నువ్వు దాచకు. నీకు దక్కింది దక్కినట్టు చెప్పు. నేనూ చెబుతాను."

మర్నాడు తాత అడవంతా తిరిగి, "మొదటి రాయి అని కోతలు కోశాను! మా మువ్వ పదమూడోది! నాలుగు వందల మందిలో పదమూడోది!" అని చెప్పాడు. సాయంత్రానికి ఆ నాలుగు వందలు నాలుగు వేలయ్యాయి. పోనివ్వండి, తాత కదా.

గోరింక అటు వైపు వచ్చినప్పుడు మువ్వ ఆకు సంగతి చెప్పింది.

గోరింక తెల్లబోయింది. "అయ్యో పిచ్చిపిల్లా! గుమ్మానికి కట్టిన నీ రెండో సగం మూడో రోజుకే ఎండి రాలిపోయింది. పేర్లు అయ్యవారు రాతి మీద గీసుకున్నారు. నీ పేరు ఉంది. నువ్వు తడిపినా, తడపకపోయినా అక్కడ మారేది ఏమీ లేదు."

మువ్వకు ముందు కోపం వచ్చింది. తర్వాత నవ్వు వచ్చింది. తర్వాత ఒంటి మీంచి పెద్ద మూట దించినట్టు అనిపించింది. ఆ పూటే సూరమ్మ చరియ కిందికి వెళ్లి, "అత్తా, నూరేది ఏమైనా ఉందా?" అని అడిగింది.

"చూడు, ఆ గుట్ట" అంది సూరమ్మ. నిజంగానే వేళ్ల గుట్ట! తేనెగుట్ట కంటే జానెడు ఎత్తు.

అప్పటి నుంచి మువ్వ రోజూ వెళ్లింది. విరిగిన కాళ్లకు వెదురు బద్దలు కట్టింది. పిచ్చుకల చెవుల్లో చీమలు తీసింది. ఆశ వదులుకోలేదు. రోజుకు ఒకసారి తేనెగుట్ట వైపు చూసేది. ఒకసారి చూసి, మళ్లీ పనిలో పడేది.

తొలకరి వచ్చింది. ఆకాశాన్ని ఎవరో బోర్లించినట్టు వాన. చరియ కింద రోగులు కిక్కిరిసి ఉన్నారు. మువ్వ ఒక అడవిపంది కాలికి కట్టు కడుతోంది. అప్పుడు గోరింక తడిసి ముద్దయి వచ్చి వాలింది. దాని ముక్కున ఏమీ లేదు.

"ఈ ఏడు ఎవరూ రాయి వదులుకోలేదమ్మా" అంది.

మువ్వ కళ్లు నిండాయి. నీళ్లు బొటబొటా రాలాయి. చేతులు మాత్రం ఆగలేదు. నారను ఒక చుట్టు, ఇంకో చుట్టు చుడుతూనే ఉన్నాయి.

అడవిపంది దాన్ని కాసేపు చూసి, "ఇదేం న్యాయం? కాలు విరిగింది నాకు. ఏడుపు నీకా?" అంది.

మువ్వకు ఏడుపులోనే ఫక్కున నవ్వు వచ్చింది. సూరమ్మ నవ్వింది. మూలన కూర్చున్న తాత, పడి పడి నవ్వి, కళ్లు తుడుచుకున్నాడు.

"వచ్చే ఏడు మళ్లీ వెళ్తావా?" అని అడిగింది సూరమ్మ.

"వెళ్తాను" అంది మువ్వ. కట్టుకు ముడి వేసింది. ముక్కు తుడుచుకుని, తల ఎత్తింది.

"తర్వాత ఎవరు?"

కాసేపటికి గోరింక, మొహమాటపడుతూ ఒక అడుగు ముందుకు వేసింది.

"నేనే. ఈ కబురు ఎలా చెప్పాలో తెలీక వానలో చాలాసేపు తిరిగాను. రెక్క బిగుసుకుపోయింది."

మువ్వ ఆ తడి రెక్కను రెండు చేతుల్లోకి తీసుకుంది. నొప్పి ఎక్కడో అడగలేదు. నెమ్మదిగా, సరిగ్గా అక్కడే, వేలు ఉంచింది.

నీతి: కోరుకున్న చోటు మనల్ని ఆగమన్నప్పుడు బాధపడటం తప్పు కాదు, ఆశపడటమూ తప్పు కాదు, కానీ ఆ పిలుపు మన చేతిలో లేదు, నేర్చుకోవడం మన చేతిలోనే ఉంది.