నోరు విప్పని ఇద్దరు

వీరభద్రయ్య ఓ ప్రభుత్వ హైస్కూలుకు హెడ్మాస్టరు. పొద్దున్నే పిల్లలందరూ గొంతెత్తి ప్రార్థన పాడి తీరాలన్నది ఆయన పెట్టిన నియమం. పదో తరగతి ఎస్తేరు మాత్రం పాడేది కాదు.

"మా ప్రార్థన నేను ఇంట్లో చేసుకుంటాను సార్. ఇక్కడ ఊరికే నిలబడతాను" అంది.

అప్పట్నుంచి ఆయన ఆ అమ్మాయిని క్లాసులోకి రానివ్వలేదు. ఎండలో, వరండా బయట కూర్చోబెట్టాడు. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడ్డాయి. తండ్రి వచ్చి, అందరితోపాటు పెదాలు కదిపితే చాలు కదమ్మా అని బతిమాలాడు.

"ఉత్తుత్తినే కదపలేను నాన్నా" అంది ఎస్తేరు.

వీరభద్రయ్య తన గురువు పూర్ణబోధస్వామి దగ్గరికి వెళ్ళాడు.

"భక్తి నేర్పబోతే మొండికేస్తోంది స్వామీ. మీరు చెబితే వింటుందేమో. వినకపోతే టీసీ ఇచ్చి పంపేస్తాను."

"రేపు వస్తాను" అన్నారు స్వామి.

మర్నాడు ఆయన వచ్చి ఎస్తేరు పక్కన నిలబడ్డారు. పాట మొదలైంది. వీరభద్రయ్య బెత్తం పట్టుకుని, ఎవరి పెదాలు కదులుతున్నాయో చూస్తూ వరుసల మధ్య నడిచాడు. ఎస్తేరు దగ్గర ఆగాడు. ఆ పిల్ల చున్నీ కొస గుప్పిట్లో బిగించింది కానీ నోరు విప్పలేదు.

ఆయన చూపు పక్కకు తిరిగింది. స్వామి పెదాలు కూడా కదలడం లేదు.

పాట అయిపోయింది. ఎస్తేరు సంచీ తీసుకుని వెళ్ళి ఎండలో కూర్చుంది. స్వామి కూడా వెళ్ళి ఆమె పక్కనే నేలమీద చతికిలబడ్డారు. టీచర్లు వరండాలో ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

వీరభద్రయ్య ముఖం కందిపోయింది. "లేవండి స్వామీ. అందరూ చూస్తున్నారు."

"పాడనివాళ్ళు కూర్చునేది ఇక్కడేగా?"

"మీకా పాట వచ్చు కదా."

"రోజూ పాడుకుంటాను. ఇవాళ రాలేదు."

"ఎందుకని?"

"దేవుణ్ణి తలుచుకుందామని కళ్ళు మూసుకున్నాను. నీ చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది. ఇక నువ్వు తప్ప ఇంకెవరూ గుర్తుకు రాలేదు."

వీరభద్రయ్య చేతిలోని బెత్తాన్ని వరండా గోడకు ఆనించాడు. ఎస్తేరు వైపు తిరిగి, "క్లాసుకు వెళ్ళమ్మా" అన్నాడు.

ఎస్తేరు లేచింది గానీ కదల్లేదు. "రేపు కూడా పాడను సార్."

స్వామి తలెత్తి శిష్యుడి ముఖంలోకి చూశారు.

"తెలుసమ్మా" అన్నాడు వీరభద్రయ్య. "వెళ్ళు, లెక్కల క్లాసు మొదలైంది."