పెద్దల కూట్లో రాళ్ళు

"స్వామీ, నిజం చెప్పినా మనిషి ఎందుకు వినడు?" అని శిష్యురాలు ఈశ్వరమ్మ అడిగినప్పుడు, పెంచలయ్య గురువుగారు కొండకేసి చూస్తూ ఉండిపోయారు. ఆయనకది అలవాటే. ప్రశ్న వేసినవాళ్ళలో సగంమంది ఆ మౌనానికే విసుగెత్తి లేచిపోయేవారు. ఈశ్వరమ్మ లేవలేదు, కోపంలో ఉంది కనక.

ఆ కోపం మాలకొండయ్య మీద. వెలిగొండల్లో సర్కారు పరవానా ఉన్న తుపాకితో వేటాడుకునే మనిషి. తమ వంశంలో పోయినవాళ్ళు రాబందులై కొండచరియ మీద ఉంటారని అతని నమ్మకం. దేన్ని కొట్టినా దాని పేగులు బండమీద పరిచి, "పెద్దలారా, రాండి" అని పిలవనిదే ఇంటికి మాంసం తీసుకెళ్ళడు. ఒకప్పుడు పిలిస్తే ఎండ కనబడకుండా దిగేవి. ఇప్పుడు ఒక్కటే మిగిలింది. పెద్దలు తన మీద అలిగారనుకున్నాడు పిచ్చిమారాజు. అలక తీర్చడానికి ఇంకా ఎక్కువ వేటాడి, ఇంకా పెద్ద వాటా పెడుతున్నాడు.

చరియ కింద చచ్చిపడిన ఒక రాబందును పశువుల డాక్టరు కోసి చూస్తే కడుపులో సీసం కనబడింది. తుపాకి గుళ్ళ సీసమది. ఈశ్వరమ్మ నాలుగుసార్లు వెళ్ళి ఆ మాట చెప్పింది. "మా పెద్దోళ్ళకి నేను విసం పెడతానా?" అని అతను కొట్టినంత పని చేశాడు.

మర్నాడు పొద్దున్నే గురువుగారు ఆమెను వెంటబెట్టుకుని ఆ బండ దగ్గరికి నడిచారు. మంచులో ఏది కొండో ఏది మబ్బో తెలియడం లేదు. మాలకొండయ్య అప్పుడే కుందేలును కోస్తున్నాడు.

"పెద్దల తద్దినానికి బియ్యంలో రాళ్ళు ఏరి వండుతారా, ఏరకుండానా?" అని గురువుగారు అడిగారు.

"ఏం మాట సామీ అది! ఏరే వండుతాం," అని అతను నొచ్చుకున్నాడు.

గురువుగారు నీళ్ళు పోసిన ఇత్తడి పళ్ళెం ఒకటి అతని ముందు పెట్టి, దూరంగా వెళ్ళి కూర్చున్నారు. ఈశ్వరమ్మ నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపారు.

అతను పేగుల్ని పళ్ళెంలో కడిగాడు. బూడిదరంగు గుండు ఒకటి టక్కుమని అడుక్కి దిగింది. ఏరాడు. ఇంకోటి దిగింది. దాని వెనక సన్నటి పొడి, వేలికి అంటుతుంది గానీ చిక్కదు. మంచు విడిపోయి ఎండ బండమీదికి వచ్చేదాకా ఏరుతూనే ఉన్నాడు. చివరికి పళ్ళెంలోంచి చూపు తిప్పకుండానే, "ఇది ఏరితే పొయ్యేది కాదు సామీ. ఇన్నేళ్ళూ ఇదేనా నేను పెట్టింది?" అన్నాడు. ఆ గొంతు విన్నాక ఈశ్వరమ్మకు కోపం నిలవలేదు, ఏడుపొచ్చింది. ఆ రోజు వాటాను అతను గొయ్యి తీసి పూడ్చేశాడు.

వారం తర్వాత, సీసానికి బదులు వాళ్ళమ్మ వాడిన రాగిచెంబు కరిగించి పోయించిన గుళ్ళతో వేటకెళ్ళాడు. గురువుగారూ ఈశ్వరమ్మా చూస్తుండగా కొత్త వాటా బండమీద పరిచి, "పెద్దలారా, రాండి" అని పిలిచాడు. మంచుకు పైన ఎక్కడో ఆ ఒక్క పక్షి తిరుగుతోంది, దిగడం లేదు. అతను బండ పక్కనే చేతులు జోడించి నిలబడిపోయాడు.

"దిగుతుందా స్వామీ?" అంది ఈశ్వరమ్మ, ఉండబట్టలేక.

గురువుగారు అప్పటికే వెనక్కి నడుస్తున్నారు.

"కూడు పెట్టినవాళ్ళు అక్కడే నిలబడితే ఎట్లా దిగుతుందమ్మా?"