కొండకి ముహూర్తం పెట్టిన నక్క

తెల్లకొండ కింద దిగువపాడు అనే మేతబీడు ఒకటి ఉండేది. అక్కడి జంతువులకి ఏడాదికొక్కసారి తప్పని పని ఒకటుంది. కొండ నెత్తిన ఉన్న ఉప్పురాయి దాకా మూడు రోజులు ఎక్కాలి, కడుపునిండా నాకాలి, కొంత మూటగట్టి తెచ్చుకోవాలి. అది లేకపోతే చలికాలంలో కాళ్లలో సత్తువ ఉండదు, పొదుగులో పాలు ఉండవు. పోయినేడు ఎప్పుడు వెళ్దాం, ఎప్పుడు వెళ్దాం అని మాట్లాడుకుంటూ ఉండగానే మంచు పడిపోయింది. ఎవరూ వెళ్లలేదు. మేక బెదురమ్మకి పుట్టిన ఇద్దరు పిల్లల్లో ఒకటి పాలు చాలక చనిపోయింది.

అందుకే ఈసారి జ్యేష్ఠమాసంలోనే అందర్నీ కూర్చోబెట్టింది కంచరగాడిద మూటలమ్మ. పన్నెండేళ్లుగా ఆ కొండకి బరువులు మోస్తున్న ఒళ్లు ఆమెది. కొండ సంగతి ఆ బీడులో ఆమెకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆ ముక్క అందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకుని, ఆమె మాట మాత్రం వినరు.

"ఆశ్వయుజంలో వెళ్దాం," అంది మూటలమ్మ. "అప్పటికి వానలు ఆగిపోతాయి, మట్టి గట్టిపడుతుంది. మంచు ఇంకా దిగదు. వైశాఖంలో వెళ్తే కరిగే మంచులో నడుందాకా దిగబడతాం. వానల్లో వెళ్తే అంచుదారి జారుతుంది. కార్తీకం వచ్చిందంటే చలికి ఊపిరే అందదు. మనకున్నవి నాలుగు వారాలు. ఇంతే సంగతి. ఇక లేచి ఎవరి పని వాళ్లు చూసుకోండి."

ఒక్కరూ లేవలేదు.

"ఆశ్వయుజమా?" అన్నాడు నెమలి నీలప్ప, మెడ సాగదీసి. "అప్పటికి నా పింఛం రాలిపోతుంది కదమ్మా. బోడి తోక వేసుకుని నేను కొండెక్కాలా? పైన జడలబర్రెలు చూస్తే ఏమనుకుంటాయి?"

"ఏమీ అనుకోవు నాయనా. వాటికి మేత తప్ప ఇంకో ధ్యాస ఉండదు."

"నాకుంటుంది," అన్నాడు నీలప్ప.

మేక బెదురమ్మ గొంతు సవరించుకుంది. "అది కాదక్కా, ఆశ్వయుజమంటే దసరా నెల. దసరా అంటే మా మేకల ఇళ్లలో భయం. ఆ నెల పేరెత్తితేనే నాకు కాళ్లు వణుకుతాయి."

"అందుకేనే ఆ నెల ఊళ్లో ఉండకుండా కొండెక్కమంటున్నాను," అంది మూటలమ్మ.

"అయినా భయమే కదక్కా."

మూటలమ్మ ఎద్దు సరేలయ్య వైపు తిరిగింది. "అన్నా, నువ్వైనా చెప్పు. ఏ నెల మంచిది?"

"ఆశ్వయుజం మంచిదే," అన్నాడు సరేలయ్య, నెమరేస్తూ.

"హమ్మయ్య."

"నీలప్ప చెప్పిందీ నిజమే. బెదురమ్మ చెప్పిందీ నిజమే. నాకైతే ఎప్పుడైనా సరే."

ఇలా ఒక పూట గడిచింది. చైత్రమని ఒకరు, కార్తీకమని ఒకరు. పోయినేడు పిల్లని పోగొట్టుకున్న బెదురమ్మే "పోనీ వచ్చే ఏడు చూద్దామా" అన్నప్పుడు మూటలమ్మకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నోరు నొప్పి పుట్టేలా చెప్పిందే చెప్పింది. వాళ్లు తలలూపారు, ఊపి మళ్లీ మొదటికొచ్చారు.

సరిగ్గా అప్పుడు పంచాంగం చంకలో పెట్టుకుని నక్క గుంటయ్య వచ్చాడు. గుంటయ్య బీడులో అందరికీ వరసైనవాడే, ఒకరికి మామ, ఒకరికి బావ. ముహూర్తాలు చూస్తాడు, తగువులు తీరుస్తాడు, భోజనాల వేళకి తప్పకుండా ఉంటాడు.

"ఏంటి వదినా, గొంతు అక్కడిదాకా వినపడుతోంది," అన్నాడు మూటలమ్మతో. "నెలలు పట్టుకుని కొట్టుకోవడం దేనికి? శుభకార్యం కదా, పంచాంగం చూస్తే పోయేదానికి." పేజీలు తిప్పాడు. "ఇదిగో. ఆషాఢం శూన్యమాసం, వద్దు. భాద్రపదమూ అంతే. ఆశ్వయుజంలో కొండంతా రద్దీ, నిలబడే చోటుండదు. శ్రావణం చూడండి. రెండో శుక్రవారం. లక్ష్మీప్రదం. పెళ్లిళ్లకీ గృహప్రవేశాలకీ ఇంతకు మించిన రోజు లేదు."

"మేం పెళ్లికి వెళ్లట్లేదు," అంది మూటలమ్మ. "శ్రావణంలో అంచుదారి మీద వాగు పారుతుంది."

"అదే కదా అందం. దారి పొడుగునా జలపాతాలు. వానలో నీలప్ప పురి విప్పాడంటే కొండంతా తిరిగి చూడదూ?"

నీలప్ప మెడ మరో జానెడు పెరిగింది. "నేను శ్రావణానికే."

"శ్రావణంలో మేకల జోలికి ఎవరూ రారు కూడాను," అన్నాడు గుంటయ్య, బెదురమ్మ తొడ వైపు చూస్తూ.

"అయితే నేనూ శ్రావణానికే మామా," అంది బెదురమ్మ.

"సరే," అన్నాడు సరేలయ్య.

గుంటయ్య చూపు ఎక్కడ ఆగిందో మూటలమ్మ గమనించింది. రెండేళ్ల కిందట శ్రావణంలోనే ఆమె చెల్లెలు బరువుతో సహా అంచుదారి మీంచి లోయలోకి జారిపోయింది. ఆ ఏడు భాద్రపదంలో గుంటయ్య ఒళ్లు నిగనిగలాడుతూ బీడుకి వచ్చాడు. ఏం తిన్నావని ఎవరూ అడగలేదు. ఆ నిగనిగ ఎక్కడిదో ఇప్పుడు ఆమెకి అర్థమైంది. ఈ ముక్క బయటపెడితే ఈ తెలివితక్కువవాళ్లు నమ్మరు, పైగా పెద్దమనిషిని పట్టుకుని అంత మాట అంటావా అని తననే తిడతారు. అరిచి లాభం లేదు. కోపం దిగమింగి, గొంతు తగ్గించింది.

"సరే మరిదీ. నువ్వన్నదే కానీ. శ్రావణ శుక్రవారమే వెళ్దాం. ముందు తాడు నీ మెడకి కట్టమంటావా, నడుముకా?"

"తాడేంటి వదినా?"

"మా మోతగాళ్ల కట్టుబాటు తెలియదా? అంచుదారి మీద అందరం ఒకే తాడుకి కట్టుకుని నడుస్తాం. రోజు నిర్ణయించినవాళ్లు అందరికంటే ముందు నడవాలి. మట్టి నిలుస్తుందో లేదో మొదటి అడుగు వాళ్లే వేసి చూడాలి. నేను రోజు పెట్టిన ఏళ్లన్నీ నేనే ముందు నడిచాను. కావాలంటే సరేలయ్యన్నని అడుగు."

"అవును, అలాగే నడిచింది," అన్నాడు సరేలయ్య.

గుంటయ్య నవ్వాడు కానీ చెవులు వెనక్కి వాలాయి. "నేను వెనకాల వస్తాలే. ఎవరైనా జారితే పట్టుకోవాలి కదా."

"అక్కడ జారినవాళ్లు వెనక్కి పడరు మరిదీ. కిందికి పడతారు."

బెదురమ్మ ఆశగా చూసింది. "నువ్వు ముందుంటే మాకు ఇంకా ధైర్యం మామా. అంత మంచి ముహూర్తం, నీకేమవుతుంది?"

గుంటయ్య గబగబా పంచాంగం తెరిచాడు. "ఆగండి, ఆగండి. ఆ శుక్రవారం వర్జ్యం ఉందే. చూసుకోలేదు."

"మూడో శుక్రవారం?" అన్నాడు నీలప్ప.

"దుర్ముహూర్తం."

"ఆదివారం?"

"తిథి బాగాలేదు. అసలు ఈ ఏడు శ్రావణమే అచ్చిరాదు. ఇప్పుడు సరిగ్గా చూస్తే తెలుస్తోంది."

"మరి మట్టి జారని నెల, ముందు నడిచేవాడికి ప్రమాదం లేని నెల ఏదో పెద్దవాడివి నువ్వే చెప్పు," అంది మూటలమ్మ.

గుంటయ్య పంచాంగం వైపు చూడనైనా చూడలేదు. "ఆశ్వయుజం," అన్నాడు.

"భలే చెప్పావు మామా," అంది బెదురమ్మ. నీలప్ప కూడా, గుంటయ్యంతటివాడు చెప్పాక పింఛం సంగతి తర్వాత చూసుకోవచ్చన్నాడు. బెదురమ్మ మూటలమ్మ వైపు తిరిగి, "చూశావా అక్కా, ఎంత తేలిగ్గా తేల్చాడో. ఈ ముక్క నువ్వే పొద్దున చెప్పి ఉంటే ఇంతసేపు పట్టేదా?" అంది.

మూటలమ్మ పళ్లు పటపట కొరికింది. ఒక్క తన్ను తన్నాలనిపించింది, ఎవర్ని ముందు తన్నాలో తేలక ఊరుకుంది.

"అయితే రోజు పెట్టింది గుంటయ్యే. ముందు తాడు అతనిదే," అంది.

"నాకు ఆ నెల్లో వేరే పనులు..."

"తను పెట్టిన ముహూర్తానికి తనే రానివాడిని ఇక ముహూర్తం అడగడానికి ఎవరొస్తారు మరిదీ?"

గుంటయ్య నలుగురి మొహాలూ చూశాడు. ముహూర్తాల పిలుపులు పోతే భోజనాల పిలుపులూ పోతాయి. సరే వస్తానన్నాడు. ఆశ్వయుజం వచ్చాక, బయల్దేరిన రోజు పొద్దున, సరేలయ్య సరేనంటూ తాడు తీసుకెళ్లి అతని మెడకి కట్టాడు.

అంచుదారి రాయిలా గట్టిగా ఉంది. గులకరాయి కూడా జారలేదు. ఆ దారి సగంలో గుంటయ్య ఆగి కిందికి చూశాడు. వెనకున్న బెదురమ్మ కూడా వంగి చూసింది. లోయ అడుగున, దారికి సరిగ్గా కింద, ఒక గుహ. గుహ ముందు తెల్లగా ఎముకలు. వాటి మధ్య మూటలమ్మ చెల్లెలి జీను.

"అక్కా, ఆ గుహ ఎవరిది?" అంది బెదురమ్మ.

"మీ మామదే," అంది మూటలమ్మ.

బెదురమ్మ గుంటయ్య వెనక కాళ్లకి తన కొమ్ములు ఆనించింది.

"నడువు మామా," అంది. "ముహూర్తం దాటిపోతోంది."

మిగిలిన రెండు రోజులూ ఆ కొమ్ములు అక్కడే ఉన్నాయి. పైకెళ్లాక అందరూ ఉప్పు నాకారు. తినడానికి ఏమీ దొరకని గుంటయ్య కూడా అదే నాకి, దాహంతో నాలుక వేలాడేసుకుని కూర్చున్నాడు.

నీతి: మంచిరోజు చెప్పేవాడు ఆ రోజున మీ ముందు నడుస్తాడో లేదో అడిగాకే తల ఊపండి.